మీగడా, నెమలికంఠమా: ఒక హాలు, రెండు రంగులు

మా హాలుకు రంగులు వేయించాలని అనుకున్నది సంక్రాంతికి. వేయించింది మే నెలలో. ఆ నాలుగు నెలలూ రెండు రంగుల మధ్య ఊగిసలాటలోనే పోయాయి. నాకేమో నెమలికంఠం రంగు కావాలి. మామయ్యగారికి మీగడ రంగు కావాలి. "మీరిద్దరూ ఒక మాట మీదికి రండి, డబ్బులు నేను కడతాను" అని మా ఆయన తెలివిగా తప్పుకున్నారు.

"ఏమ్మా, హాలంతా చీకటి గుయ్యారం చేస్తావా?" అనేవారు మామయ్యగారు. "ఆ మీగడ రంగు వేస్తే డెంటిస్టు దగ్గర టోకెన్ తీసుకుని కూర్చున్నట్టుంటుంది మామయ్యగారూ" అనేదాన్ని నేను. ఒకే షేడ్ కార్డు పట్టుకుని, ఒకే గోడను చూస్తూ వాదించుకునేవాళ్ళం. ఇద్దరి మాటా నిజమేనని తెలియడానికి చాలా రోజులు పట్టింది. ఆయన ఆ హాల్లో ఉండేది పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా, కిటికీ పక్క కుర్చీలో, చేతిలో పేపరుతో. నేను ఆఫీసు నుంచి వచ్చి అక్కడ కూర్చునేసరికి రాత్రి ఏడున్నర. అప్పటికి లైట్లు వెలుగుతుంటాయి. ఆయన చూసే హాలు వేరు, నేను చూసే హాలు వేరు.

రెండు రంగుల్లో ఏది బాగుంటుందని అడిగితే తేలకపోవడానికి అసలు కారణం అదే. డబ్బాలో కొనేది పెయింటు. కంటికి కనిపించే రంగు మాత్రం ఆ పెయింటు, దాని మీద పడే వెలుతురు, దాని పక్కనున్న వస్తువులు, చూసే కన్ను అన్నీ కలిస్తే తయారవుతుంది. వీటిలో ఏది మారినా రంగు మారిపోతుంది. కాబట్టి ఒక లేత రంగునీ ఒక ముదురు రంగునీ పోల్చాలంటే ముందు ఈ ముడులు ఒక్కొక్కటీ విప్పుకోవాలి.

ఎంత వెలుతురు తిరిగి ఇస్తుంది

చాలా పెయింటు కంపెనీలు ప్రతి షేడుకూ ఒక అంకె ఇస్తాయి. లైట్ రిఫ్లెక్టెన్స్ వాల్యూ, పొట్టిగా ఎల్.ఆర్.వి. గోడ మీద పడిన వెలుతురులో నూటికి ఎంత వెనక్కి వస్తుందో చెప్పే లెక్క అది. మంచి తెలుపుకు 85 అటూఇటూ ఉంటుంది. మీగడ, గంధం లాంటి లేత రంగులు 75 దగ్గర తిరుగుతుంటాయి. నెమలికంఠం లాంటి ముదురు రంగులకు 10 ఉంటే ఎక్కువ.

75కీ 10కీ తేడా తెలుస్తూనే ఉంది కదా, ఇక లెక్కలెందుకు అనిపిస్తుంది. అసలు మెలిక ఇక్కడే ఉంది. గదిలో వెలుతురు ఒక గోడకు తగిలి ఆగిపోదు. ఆ గోడ నుంచి ఎదుటి గోడకు, అక్కడి నుంచి సీలింగుకు, మళ్ళీ నేలకు, ఇలా తిరుగుతూనే ఉంటుంది. తగిలిన ప్రతిచోటా కొంత పోతుంది, మిగిలింది మళ్ళీ గదికే చేరుతుంది. అచ్చం చక్రవడ్డీ లాంటిది. వడ్డీ రేటులో చిన్న తేడా చివరికి పెద్ద మొత్తం అయినట్టే, గోడల రంగులో తేడా గదిలో మొత్తం వెలుతురును ఊహించనంత మారుస్తుంది.

మా హాలు 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. నాలుగు గోడలూ కలిపి 520 చదరపు అడుగులు. సీలింగు 168, నేల 168. తలుపులూ సోఫాలూ పక్కన పెట్టి, తెల్ల సీలింగు 80 శాతం, టైల్స్ నేల 35 శాతం వెలుతురును తిప్పికొడతాయనుకుని కాగితం మీద లెక్క కట్టాను. నాలుగు గోడలూ మీగడ రంగైతే కిటికీ లోంచి వచ్చిన వెలుతురు గదిలో తిరిగి తిరిగి సుమారు 3.1 రెట్లు అవుతుంది. నాలుగూ నెమలికంఠం అయితే 1.4 రెట్లే. అంటే వెలుతురు సగానికి పైగా హరించుకుపోతుంది. మామయ్యగారి చీకటి గుయ్యారం ఉత్త మాట కాదన్నమాట.

ఆ లెక్కలోనే ఇంకో సంగతి బయటపడింది. 12 అడుగుల గోడ ఒక్కటే నెమలికంఠం వేసి, మిగతా మూడూ మీగడ రంగులో ఉంచితే? సుమారు 2.4 రెట్లు వస్తుంది. ఇంచుమించు ఐదింట నాలుగు వంతుల వెలుతురు నిలబడుతుంది. ఉజ్జాయింపు లెక్కే, సందేహం లేదు. కానీ "ముదురు రంగు వేస్తే చీకటి" అన్న మాటకూ "ముదురు రంగు ఎంత వేస్తే ఎంత చీకటి" అన్న మాటకూ ఎంత దూరముందో ఆ రోజు కాగితం మీద కనిపించింది.

కన్ను ఈ అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు చదవదు. నూటికి 20 పాళ్ళు మాత్రమే వెలుతురు తిప్పికొట్టే బూడిద రంగు మనకు నలుపు తెలుపుల సరిగ్గా మధ్యలో ఉన్నట్టు తోస్తుంది. అందుకని ఎల్.ఆర్.వి. 10 అని చూడగానే దాదాపు నలుపే అనుకుని కంగారు పడనక్కర్లేదు.

షేడ్ కార్డు చేసే మోసం కూడా ఈ తిరుగుడు వెలుతురు వల్లనే. పచ్చని గోడకు తగిలిన వెలుతురు కొంచెం పచ్చబారి వెళ్తుంది, పక్కనున్న పచ్చని గోడకు తగిలి ఇంకాస్త పచ్చబడుతుంది. కార్డు మీద అగ్గిపెట్టంత ముక్కకు ఈ అవకాశం లేదు. పైగా దాని చుట్టూ తెల్ల అంచు ఉంటుంది. ఆ ముక్కే నాలుగు గోడలూ ఎక్కాక ఇంకా చిక్కగా, ఘాటుగా కనిపిస్తుంది. "షాపులో ఇంత ముదురు చూపించలేదే" అని గొడవ పడేవాళ్ళను చూశాను. నేనూ ఒకసారి పడ్డాను. పాత ఇంట్లో పడగ్గదికి లేత వంగపువ్వు రంగు ఎంచితే గది మొత్తం వంకాయ తోటలా తయారైంది. షాపతను కలిపింది సరైన నంబరే.

చీరను గుమ్మం దాకా తీసుకెళ్ళినట్టు

పట్టుచీర కొనేటప్పుడు ఏ ఆడమనిషీ షాపులో లైట్ల కింద చూసి డబ్బు కట్టదు. చీర మడత చేతిలో పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, బయటి వెలుతురులో ఒకసారి తిప్పి చూస్తుంది. మా అమ్మ చేసేది, అమ్మమ్మ చేసేది. ఏ సైన్సు పుస్తకమూ చదవకుండానే వాళ్ళకు తెలిసిన సంగతి, గోడ రంగు దగ్గరకు వచ్చేసరికి మనం మర్చిపోతాం. షాపులో ట్యూబ్‌లైట్ల కింద కార్డు చూసి నంబరు చెప్పేసి వస్తాం.

లైట్ల పెట్టెల మీద ఈ తేడా అంకెల్లోనే ఉంటుంది. వార్మ్ వైట్ అన్నవాటి మీద 2700 లేదా 3000 కెల్విన్ అని, కూల్ డేలైట్ అన్నవాటి మీద 6500 కెల్విన్ అని రాసి ఉంటుంది. అంకె చిన్నదైతే వెలుతురు పసుపు వైపు, పెద్దదైతే నీలం వైపు. మన ఇళ్ళల్లో ట్యూబ్‌లైటు అలవాటు వల్ల 6500 రకాలే ఎక్కువ కనిపిస్తాయి. దాని కింద మీగడ రంగు పాలిపోయి, నీళ్ళ మజ్జిగలా తేలిపోతుంది. అదే పసుపు లైటు కింద వెన్నలా నిగనిగలాడుతుంది. నెమలికంఠం కథ ఇంకా తమాషా. తెల్ల లైటు కింద నీలం వైపు, పసుపు లైటు కింద ఆకుపచ్చ వైపు జరుగుతుంది. మా హాల్లో పగటి వెలుతురులో దాన్ని చూసిన మామయ్యగారు "ఆ నీలం" అనేవారు. దివాన్ పక్కన పసుపు లైటు వేసుకుని చూసే నేను "ఆ ఆకుపచ్చ" అనేదాన్ని. ఒకే రంగుకు రెండు పేర్లు పెట్టుకుని నెల రోజులు మాట్లాడుకున్నాం.

తెలుగులో దీనికి తోడు మాట కూడా మనల్ని తికమక పెడుతుంది. పచ్చ అంటే పచ్చకామెర్లలో పసుపు, పచ్చగడ్డిలో ఆకుపచ్చ. "మేడం, పచ్చ అన్నారు, ఏ పచ్చ?" అని మేస్త్రి ఫోన్ చేసి అడిగితే నవ్వొచ్చింది గానీ, అడగకుండా వేసే మేస్త్రి కంటే అతను వెయ్యి రెట్లు నయం.

రెండు రంగులు ఒక లైటు కింద కవలల్లా ఉండి, ఇంకో లైటు కింద విడిపోవడమూ ఉంది. దీన్ని మెటామెరిజం అంటారు. ఒకే రంగును వేర్వేరు రంగు పొడులతో తయారు చేసినప్పుడు ఇలా జరుగుతుంది. సోఫా గుడ్డకు సరిపోయేలా గోడ రంగు కలిపించుకున్నా, ఒక కంపెనీ షేడు నంబరు చెప్పి ఇంకో కంపెనీ దాంట్లో కలిపించుకున్నా ఈ చిక్కు ఎదురు కావచ్చు. షాపులో సరిపోయింది ఇంటికొచ్చాక తప్పిపోతుంది. చీరకు మ్యాచింగ్ జాకెట్టు గుడ్డ తెచ్చినవాళ్ళందరికీ ఇది అనుభవమే.

ఇక కిటికీ దిక్కు. ఇంటర్నెట్‌లో వెతికితే ఉత్తరపు కిటికీ ఉన్న గదిలో వెలుతురు చల్లగా, నీలంగా ఉంటుందనీ, అక్కడ వెచ్చని రంగులు వేయాలనీ పదే పదే కనిపిస్తుంది. మా హాలు కిటికీ ఉత్తరానికే. కానీ ఆ సలహాలు రాసేవాళ్ళ ఇళ్ళు ఎక్కువగా ఇంగ్లండు, అమెరికాల్లో ఉంటాయి. లండన్ భూమధ్యరేఖకు ఉత్తరంగా 51 డిగ్రీల మీద ఉంది. అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఏనాడూ ఉత్తరం వైపు రాడు. మా విజయవాడ 16 డిగ్రీల పైచిలుకు. మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొచ్చి, అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నాలు ఉత్తరం పక్కనే ఉంటాడు. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 తేదీల దగ్గర నీడ మాయమయ్యే రోజని పేపర్లలో వేస్తారే, అదీ ఇదే. ఆ మూడు నెలలూ మా ఉత్తరపు కిటికీలోకి పొద్దునా సాయంత్రమూ ఏటవాలు ఎండ పడుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండను సన్‌షేడ్ ఆపుతుంది. జనవరిలో అదే కిటికీ నుంచి నీలాకాశపు వెలుతురు తప్ప ఒక్క ఎండ పొడ రాదు. కాబట్టి సంక్రాంతికి చూసి ఎంచుకున్న రంగు మే నెలలో వేరేగా కనిపిస్తే ఆశ్చర్యమేమీ లేదు.

దిక్కు కంటే ఎదురు అపార్టుమెంటు గట్టిగా పనిచేస్తుందని నా అభిప్రాయం. మా కిటికీకి పన్నెండడుగుల దూరంలో పక్క బిల్డింగు గోడ ఉంది. దానికి బంతిపూల పసుపు వేశారు. ఎండ దాని మీద పడి, పసుపు పూసుకుని మా హాల్లోకి వస్తుంది. ఇప్పుడు చెప్పండి, మాది ఉత్తరపు కిటికీ అనాలా, పసుపు కిటికీ అనాలా?

సాయంత్రం లైట్లు వేయకముందు ఒక పావుగంట ఉంటుంది చూడండి, అసురసంధ్య వేళ. ఆ సమయంలో కన్నే మారిపోతుంది. వెలుతురు బాగా తగ్గినప్పుడు రంగులు చూసే కణాలు వెనక్కి తగ్గి, మసక వెలుతురులో పనిచేసే కణాలు ముందుకొస్తాయి. వాటికి ఎరుపు దాదాపు ఆనదు, నీలం ఆకుపచ్చల మధ్య రంగు బాగా ఆనుతుంది. చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే దీన్ని 1825లో రాసిపెట్టాడు. తెల్లవారుజామున ఎర్ర పూలు నల్లగా, ఆకులు వాటి కంటే ప్రకాశంగా కనిపించడాన్ని గమనించి పట్టుకున్న సంగతి. దాని పేరే పుర్కిన్యే ఎఫెక్ట్. ఒకసారి ఆ వేళ కరెంటు పోయినప్పుడు, రెండు రంగులూ పూసి పెట్టుకున్న మా నమూనా అట్టల్ని పక్కపక్కన పెట్టి చూశాను. నెమలికంఠం అట్ట దాని అంకె చెప్పినంత చీకటిగా లేదు. దాని మీద పెట్టిన ఎర్ర దిండు గలీబు మాత్రం నల్లగుడ్డ అయిపోయింది.

పక్క రంగు చేసే పని

గద్వాల చీరలో ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఒకే ఆవపసుపు చీరకు ముదురాకుపచ్చ అంచు పెట్టినది ఒకటి, మెరూన్ అంచు పెట్టినది ఒకటి తెచ్చి పరిస్తే, చీర పసుపు రెండింట్లో ఒకటేనని షాపతను ఒట్టేసినా నమ్మబుద్ధి కాదు. పక్కనున్న రంగు ప్రతి రంగునీ తనకు ఎదురు దిక్కుకు నెడుతుంది.

దీని వెనకో పాత కథ ఉంది. పారిస్‌లోని గొబెలిన్ నేతశాలలో రంగుల అద్దకానికి అధిపతిగా 1824లో మిషెల్ యూజీన్ షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త చేరాడు. నల్ల ఉన్నికి అద్దకం సరిగా అంటడం లేదని, నలుపు వెలిసినట్టుందని అతనికి ఫిర్యాదు వచ్చింది. ఇతర చోట్ల అద్దిన నల్ల ఉన్ని తెప్పించి పోల్చి చూస్తే అద్దకంలో లోపమేమీ కనబడలేదు. ఆ నలుపును నీలం, ఊదా దారాల పక్కన నేయడం వల్ల కంటికి వెలిసినట్టు అనిపిస్తోందని తేలింది. దాని మీద ఏళ్ళ తరబడి పనిచేసి 1839లో పెద్ద గ్రంథమే అచ్చేశాడు.

మా ఇంట్లో ఇదే తప్పు మేమూ చేశాం. హాలు గోడలకు అప్పటికి లేత పిస్తా రంగు ఉండేది. మేస్త్రి చేత ఆ పిస్తా మీదే రెండు నమూనాలు పక్కపక్కన, ఒకదానికొకటి ఆనించి పూయించాం. సులువుగా పోల్చుకోవచ్చు కదా అని. మీగడ పట్టీకి ఒక పక్క పిస్తా, ఇంకో పక్క నెమలికంఠం. రెండూ ఆకుపచ్చ వైపువే. అవి రెండూ కలిసి పాపం మీగడను ఎరుపు వైపు నెట్టేశాయి. మామయ్యగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇది మీగడేంటమ్మా, రోజ్ మిల్క్‌లా ఉంది" అన్నారు. ఆయన కోరిన రంగును ఆయనే కాదన్నారు. మీగడ పక్కన నెమలికంఠం కూడా ఉన్నదానికంటే నల్లగా, బెదిరించేలా కనిపించింది.

తర్వాత పద్ధతి మార్చాం. రెండడుగుల తెల్ల అట్టలు రెండు తెచ్చి, చుట్టూ మూడు వేళ్ళ తెలుపు వదిలి, ఒక్కోదానికి రెండు కోట్లు వేశాం. ఒకరోజు ఒక అట్ట, మర్నాడు ఇంకోటి. కిటికీ ఎదుటి గోడకు ఆనించి, పక్క గోడకు ఆనించి, పొద్దున కాఫీ వేళ, మధ్యాహ్నం భోజనాలయ్యాక, దీపాలు పెట్టే వేళ, రాత్రి. ఒక అట్ట ఎదురుగా ఉన్నప్పుడు రెండోదాన్ని బీరువా వెనక దాచేవాళ్ళం. రెండు రంగుల్ని పోల్చాలంటే ఒకదాన్ని చూసేటప్పుడు రెండోది కనబడకూడదు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, ఇల్లంతా రెండూ కలిపి వేయబోతున్నప్పుడు మాత్రమే పక్కపక్కన పెట్టి చూడటం న్యాయం.

డబ్బాలో ఏముంది

మా అమ్మమ్మ ఊళ్ళో పండగకు సున్నం వేసేవారు. తడి కుంచెతో పూస్తుంటే గోడ మీద నీళ్ళు చల్లినట్టుండేది తప్ప తెలుపు కనబడేది కాదు. లోపలి పాత మరకలన్నీ అలాగే కనిపిస్తుండేవి. "వేశారా లేదా?" అని అడిగితే "ఆరనీ" అనేవాళ్ళు. ఆరుతున్న కొద్దీ గోడ తెల్లబడేది. సున్నం కణాల మధ్య సందుల్లో నీరున్నంతసేపు వెలుతురు పెద్దగా చెదరకుండా లోపలికి వెళ్ళిపోతుంది. ఆ సందుల్లోకి గాలి చేరాక ప్రతి కణం దగ్గరా చెదిరి వెనక్కి వస్తుంది. అదే తెలుపు. సున్నంలో చిటికెడు నీలిమందు కలిపేది కూడా ఊరికే కాదు. సున్నంలోని పసుపు జీరను ఆ నీలం చంపేస్తుంది. గోడ తిప్పికొట్టే వెలుతురు నిజానికి కాస్త తగ్గుతుంది, కంటికి మాత్రం ఇంకా తెల్లగా తోస్తుంది.

ఇప్పటి ఎమల్షన్ పెయింటులో తెలుపు పని టైటానియం డయాక్సైడ్‌ది. వెలుతురును వంచే శక్తి దానికి సున్నం కంటే చాలా ఎక్కువ కాబట్టి తడిగా ఉన్నప్పుడూ గోడను కప్పేస్తుంది. లేత రంగంటే ఈ తెలుపు దండిగా ఉన్న బేస్‌లో నాలుగు చుక్కల రంగు. ముదురు రంగుకు అలా కుదరదు. తెలుపు ఉంటే రంగు వెలిసిపోయి పాలరంగు అవుతుంది కాబట్టి, షాపులో మిషను కింద పెట్టే బేసే వేరు, అందులో తెలుపు చాలా తక్కువ. రంగు మొత్తం కలిపే పొడుల మీదే ఆధారపడుతుంది.

అందరూ తలకిందులుగా అనుకునే విషయం ఇక్కడుంది. ముదురు రంగు కాబట్టి ఒక్క కోటుతో కింద ఉన్నదంతా కప్పేస్తుందని అనుకుంటాం. నెమలికంఠం లాంటి నీలి ఆకుపచ్చలకు ఎక్కువగా వాడే థాలోసయనిన్ రంగులు చిక్కనివే గానీ పారదర్శకంగా ఉంటాయి, రంగు గాజు పలకల్లాగ. 1928లో స్కాట్లండ్‌లోని గ్రాంజ్‌మౌత్ ఫ్యాక్టరీలో వేరే పదార్థం తయారుచేస్తుంటే పాత్రకు తగులుకున్న నీలి మలినం నుంచి ఈ రంగుల కుటుంబం వెలుగులోకి వచ్చింది. ఎంత గాఢమైన నీలమో అంత పల్చటి పొర. కిందున్న తెల్ల ప్రైమర్ రోలర్ చారల మధ్య నుంచి తొంగి చూస్తుంది. మీగడ రంగు రెండు కోట్లతో తేలిపోతే మా నెమలికంఠానికి మూడు పట్టాయి. మేస్త్రి మొదటే చెప్పాడు, ప్రైమర్ మీద ముందు ఒక కోటు బూడిద రంగు కొట్టుకుంటే పని తగ్గుతుందని. వినలేదు. మూడో కోటు డబ్బాకు మా ఆయన చూసిన చూపు ఇంకా గుర్తుంది.

నమూనా పట్టీ దగ్గర ఇంకో చిన్న నాటకం జరిగింది. మేస్త్రి నెమలికంఠం పూయగానే అది లేత సముద్రపు రంగులా మెరిసింది. "ఇదైతే పర్లేదమ్మా" అన్నారు మామయ్యగారు. నేను గబగబా సరే అనిపించుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఎమల్షన్‌లో రంగును పట్టి ఉంచే జిగురు తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక గాజులా తేటపడుతుంది. గంట తర్వాత ఆ పాలన్నీ పోయి అసలు రంగు తేలింది. మామయ్యగారు నన్ను పిలిచి గోడ వైపు చెయ్యి చూపించారు. మాటల్లేవు.

పేరు పెట్టుకున్నాం గానీ అసలు నెమలికంఠం ఏ డబ్బాలోనూ దొరకదు. నెమలి మెడ ఈకల్లో నీలి రంగు పదార్థమంటూ ఏమీ లేదు. ఉన్నది మెలనిన్, మన జుట్టులో ఉండేదే. దాని సన్నని కడ్డీలు వరసగా పేర్చుకున్న తీరు వల్ల కొన్ని రంగులే బలంగా వెనక్కి వస్తాయి. కోణం మారితే రంగు మారుతుంది. పట్టుచీరలో నేతగాళ్ళు పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి ఆ మెరుపును కొంత పట్టుకుంటారు. గోడకు ఆ వైభోగం లేదు. ఎటు నుంచి చూసినా ఒకటే.

మరకలు, వేడి

మరకల విషయంలో ముదురు రంగు నయమని అందరూ అంటారు. సగం నిజం. స్విచ్చుల చుట్టూ చేతి మురికి, దివాన్ వెనక తలనూనె మరక లేత గోడ మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మెరుపు లేని ముదురు గోడ మీద కుర్చీ వీపు రాసుకుంటే తెల్లటి గీత పడుతుంది, తడిబట్టతో తుడిచినచోట ఒక నున్నటి మచ్చ మిగులుతుంది, నూనె మరకైతే నల్లగా కాకుండా తళతళలాడుతూ ఉంటుంది. మెరుపున్న రకం వేస్తే తుడవడం సులువే, కానీ లప్పం పనిలో ఉన్న ప్రతి ఎగుడుదిగుడూ పక్క నుంచి వెలుతురు పడగానే బయటపడుతుంది. బాత్రూమ్ పక్క గోడల్లో చెమ్మ ఉంటే ముదురు రంగు జోలికి వెళ్ళకండి. ఉప్పు తెల్లగా పొంగి బయటికొస్తుంది, మీగడ రంగు మీద అదంత తెలియదు.

వేడి మాట కూడా మామయ్యగారు ఎత్తారు. "ముదురు రంగు వేడిని లాగుతుందమ్మా, మనది అసలే బెజవాడ" అని. బయటి గోడలకూ డాబాకూ ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ, అంటే డాబాలు ఎండను తిప్పికొట్టి చల్లగా ఉండేలా చేయాలన్న విధానం, తెచ్చింది అందుకే. లోపలి గోడల సంగతి వేరు. కిటికీ లోంచి లోపలికి వచ్చిన వెలుతురులో చాలా భాగం, గోడ ఏ రంగుదైనా, చివరికి ఆ గదిలోనే వేడిగా మారుతుంది. తేడా పట్టించుకునేంత ఉండదు. కాకపోతే ముదురు గదిలో పగలు కూడా లైటు వేసుకోవాల్సి వస్తే ఆ కరెంటు బిల్లు ఖర్చే.

ఏ గోడ

అట్టల పరీక్ష ముగిసేసరికి వాదన దానంతటదే మారిపోయింది. ఏ రంగు అన్నది పక్కకు వెళ్ళి, ఏ గోడకు ఏది అన్నది ముందుకొచ్చింది.

కిటికీ ఎదుటి గోడ హాలుకు రెండో కిటికీ లాంటిది. లోపలికొచ్చిన వెలుతురు ముందుగా తగిలేదీ, పేపర్ చదివేవాళ్ళ మీదికి తిప్పి పంపేదీ అదే. అక్కడ ముదురు రంగు వేస్తే నా లెక్కలో చెప్పిన దానికంటే ఎక్కువే నష్టం. అది మీగడకే. కిటికీ ఉన్న గోడకు ముదురు రంగు వేస్తారు కొందరు, అది ఇంకా పొరపాటు. ఆ గోడ మీద నేరుగా వెలుతురు పడదు, మధ్యలో ఉన్న కిటికీ మాత్రం ధగధగలాడుతుంటుంది. ముదురు రంగు మధ్యలో ఆ వెలుగును చూస్తే కళ్ళు లాగేస్తాయి. కిటికీ చుట్టూ ఎంత లేతగా ఉంటే కంటికి అంత హాయి.

మిగిలినవి రెండు పక్క గోడలు. టీవీ ఉన్న గోడకు ముదురు రంగు వేస్తే, టీవీ కట్టేసినప్పుడు ఆ నల్ల పలక గోడలో కలిసిపోతుందనీ బాగుంటుందనీ అంటారు, నిజమే. కానీ రాత్రి లైట్లు ఆర్పేసి సినిమా చూసేవాళ్ళింట్లో చీకటి గోడ మీద వెలిగే తెర కళ్ళకు శ్రమ. మా ఆయన ఆ రకం. అందుకని దివాన్ వెనక గోడ తేలింది. కిటికీ వెలుతురు దాని మీద ఏటవాలుగా పడుతుంది కాబట్టి మెరుపు లేని రకం ఎంచి, లప్పం రెండుసార్లు పట్టించి, ఎమరీ పేపర్‌తో రుద్దించాం. మేస్త్రి రాత్రిపూట టార్చి గోడకు ఆనించి వేసి, నీడలు ఎక్కడ పడుతున్నాయో చూసి అక్కడల్లా పెన్సిల్‌తో సున్నాలు చుట్టాడు. మర్నాడు ఆ సున్నాలన్నీ మళ్ళీ రుద్దాడు. ఆ గోడ మీద అంత డబ్బు, అంత ఓపిక పెట్టాక, ఇప్పుడు దివాన్ మీద నూనె తలతో ఎవరు ఆనుకున్నా నా గుండె గుభేలుమంటుంది.

మామయ్యగారి కుర్చీ కిటికీ దగ్గరే ఉంది, కొంచెం తిప్పాం. ఆయనకు ఎదురుగా మీగడ గోడ, వీపు వెనక నెమలికంఠం. ఎలా ఉంది మామయ్యగారూ అని మొదటి వారం భయంభయంగా అడిగాను. "నా వెనకుంది కదమ్మా, నాకేం కనబడుతుంది" అన్నారు పేపర్ లోంచి తలెత్తకుండా. మొన్న ఆయన స్నేహితులొచ్చినప్పుడు మాత్రం "మా కోడలు ఎంచిన నీలం" అని లేచి చూపిస్తుంటే వంటింట్లో నుంచి విన్నాను. దాని మీద ఉన్న తెల్ల స్విచ్‌బోర్డు మాత్రం దూరం నుంచే పళ్ళికిలిస్తోంది. నల్లది పెట్టాలా, అదే రంగు కొట్టాలా అన్న దాని మీద ఇప్పుడు మా ఇంట్లో రెండు పార్టీలున్నాయి.